డైనమోకి పరుపు ముడి

సింగరాయకొండ
జనవరి నెలాఖరు

ఖుర్షిదా అక్కకి,

షానవాజ్ రాసేది. బాగున్నావా అని అడగను. నాగూర్ వలి బావని కట్టుకున్నదానివి, ఎలా ఉంటావో నాకు తెలుసు.

పాతకాలం మనిషిలాగా ఉత్తరం ఏంటి అనుకోకు. మీ ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది బావ జేబులో ఉంటుంది. నీతో మాట్లాడాలంటే ముందు ఆయన "హలో" వినాలి. అది వినడం కన్నా చెవిలో గ్రీజు పోసుకోవడం నయం. నల్లపాడు షాపులో పార్సిలు పెట్టెలు విప్పేది నువ్వేనని డ్రైవర్లు చెప్పారు. అందుకే డైనమో కింద ఈ కాగితం పెట్టాను.

పెట్టెలో ఉన్నది మీ షాపులో బాగుచేసి పంపిందే. చైతన్యకృష్ణ గారి ట్రావెల్స్ కారుది. గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారుల్ని ఎక్కించుకుని మద్రాసు బయలుదేరింది. ఒంగోలు దాటగానే బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలిగింది. సింగరాయకొండ వచ్చేసరికి హారన్ మూగబోయింది. నా షెడ్డు దాకా తోసుకొచ్చారు. తోసింది ఎవరో తెలుసా, ఇస్త్రీ చొక్కాల వ్యాపారులు. వాళ్ల మిర్చి కన్నా వాళ్ల తిట్లు ఘాటు. చేసింది బావ, విన్నది నేను. కారుకి వేరేది బిగించి పంపేశాను, దీన్ని మీ చేతే మళ్లీ బాగుచేయించి నా దగ్గర ఉంచమన్నారు చైతన్యకృష్ణ గారు.

ఆయన డైనమోని ఎలా పరీక్ష చేస్తాడో నేను చూడలేదా? ఇంజన్ ఆన్‌లో ఉండగా స్పానర్ తీసుకుని బ్యాటరీ టెర్మినల్ పీకుతాడు. దాన్ని పాముని పట్టినట్టు గాల్లోకి ఎత్తి, "చూశారా, ఇంజన్ ఆగిందా? ఆగలా. మీ డైనమో ఏనుగు" అంటాడు. చుట్టూ ఉన్నోళ్లు తలలూపుతారు. మీ షాపులో ఆఖరి రోజు నేనేమన్నాను? "బావా, పాత డీజిల్ జీపు తిరగడానికి కరెంటే అక్కర్లేదు, అది ఆగకపోతే డైనమో గొప్పేంటి? కొత్త బండికి అట్టా పీకితే లోపల కంప్యూటర్ కాలిపోద్ది" అన్నాను. ఖాతాదారు ముందు పరువు తీశానని నా చేతిలో చీపురు లాక్కుని బయటికి పొమ్మన్నాడు. చీపురే ఎందుకంటే, ఆ షాపులో ఉన్నన్నాళ్లూ ఆయన నా చేతికిచ్చింది అదొక్కటే. పనిబల్ల ముట్టుకోనివ్వలేదు. పాత ఇనుం గోతాంలో పారేసిన, మాడిపోయిన డైనమోలు ఏరుకుని, ఫోన్లో వీడియోలు చూసి, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్నాను. నాకు గురువు లేడు. ఉన్నాడని ఆయన ఎక్కడైనా చెప్పుకుంటుంటే మానుకోమను.

అసలు సంగతి ఇది. చైతన్యకృష్ణ గారు నిన్న మా షెడ్డు దగ్గర ఆగి, "మిర్చి సీజన్ అయిపోగానే నా బండ్ల పనంతా ఒకే షాపుకి ఇచ్చేస్తా. మీ బావ కట్టిన డైనమో ఇంకొక్కటి దారిలో చచ్చిందంటే అది నీకే" అన్నారు. నాకు కావాలి అక్కా. దాచుకోను. మీ షాపుకి ఆ ట్రావెల్స్ తప్ప ఇంకో పని లేదని కూడా తెలుసు. అది పోతే షట్టరు దించుకోవాల్సిందే. దించుకోమను. నల్లకళ్లద్దాలు పెట్టుకుని ముందు కుర్చీలో హీరోలాగా కూర్చుంటున్నాడట కదా, ఇంట్లో కూర్చున్నా అవే కళ్లద్దాలు పెట్టుకోవచ్చు.

నీ తమ్ముడు
షానవాజ్


నల్లపాడు
ఫిబ్రవరి మొదట్లో

షానవాజ్‌కి,

నీ ఉత్తరానికి గ్రీజు అంటుకుంది. నోటికీ అంటినట్టుంది, కడుక్కో.

బావ మీద నీకున్న కోపం నాకు కొత్త కాదు. ఆయన నిన్ను వెళ్లగొట్టిన మాట నిజం. నేను అడ్డం రాలేదు, అదీ నిజం. కానీ షట్టరు దించుకోమని రాయడానికి నీ చెయ్యి ఎట్టా వచ్చిందిరా? ఈ షట్టరు కిందే నువ్వు నిద్రపోయావు. వాన పడితే నీ మీద కప్పింది నా దుప్పటి.

ఒక్కటి అడుగుతాను. ఊరికే, తెలుసుకుందామని. టెర్మినల్ పీకి చూడటం తప్పు, సరే. అది ఆయన మానేశాడు. ఎందుకు మానేశాడని అడగబాకు. పీకకుండా మరి ఎట్టా చూడాలి? నువ్వు పంపిన డైనమో బ్రష్షులు అరిగిపోయాయి. మార్చి, షాపులో ఉన్న బండికి బిగించి మీటరు పెడితే పద్నాలుగు చూపించింది. పద్నాలుగంటే బాగున్నట్టే గదా? మొదటిసారి కూడా పద్నాలుగే చూపించింది, మరి దారిలో ఎందుకు చచ్చింది? అంత తెలిసినోడివి రాయి. తిట్లు తీసేసి రాయి, కాగితం కలిసొస్తుంది.

కళ్లద్దాల సంగతి నీకెందుకు. ఎండ.

అక్క
ఖుర్షిదా


సింగరాయకొండ
ఫిబ్రవరి మధ్యలో

అక్కకి,

పద్నాలుగు చూపించిందట. ఎక్కడ? షెడ్డు నీడలో, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, ఒక్క లైటు కూడా వెయ్యకుండా. అలా చూస్తే ప్రతి చచ్చు డైనమో పద్నాలుగే చూపిస్తుంది. మంచం మీద పడుకున్నవాణ్ణి మిరపకాయల టిక్కీ బస్తా మోస్తావా అంటే ఓ మోస్తానంటాడు. నెత్తిన పెట్టు, అప్పుడు తెలుస్తుంది వాడి మోకాళ్ల సంగతి.

బావకి చదివి వినిపించు. ముందు ఇంజన్ ఆపి బ్యాటరీ రెండు టెర్మినళ్ల మీద మీటరు పెట్టాలి. పన్నెండున్నర దగ్గర ఉంటే బ్యాటరీ బతికే ఉంది. స్టార్ట్ చేస్తే పద్నాలుగుకీ పద్నాలుగున్నరకీ మధ్య నిలబడాలి. పదిహేను దాటిందా, అది చార్జింగు కాదు, బ్యాటరీని ఉడకబెట్టడం. ఇక్కడికి చూసి టీ తాగడానికి పోయేవాణ్ణి మీ ఊళ్లో మెకానిక్ అంటారు. అసలు పరీక్ష ఇప్పుడు మొదలవుతుంది. హెడ్‌లైట్లు వెయ్యి. ఏసీ ఫుల్లుగా పెట్టు. వైపర్లు తిప్పు. హారన్ కొట్టు. కాస్త రేజ్ చేసి పట్టుకో. ఇంతమంది తింటున్నా మీటరు పదమూడున్నర కింద పడకూడదు. ఇంజన్ బాగా కాగేదాకా అలాగే ఉంచి మళ్లీ చూడు. పన్నెండులోకి జారిందంటే డైనమో ఏమీ సంపాదించట్లేదు, బండి బ్యాటరీలో దాచిన దాన్ని కూర్చుని తింటోంది. అది అయిపోయిన చోట ఆగుతుంది. ఒంగోలు అవతల, నా షెడ్డు ముందు.

నువ్వు తిప్పి పంపిన దాన్ని నేను అలాగే చూశాను. లైట్లు వేసి ఏసీ పెట్టగానే పన్నెండూ చిల్లరకి దిగింది. విప్పాను. బ్రష్షుల గూట్లో ఏముందో చెప్పనా? దూది. కార్బన్ బ్రష్షు దూదిలో ఇరుక్కుని కిందికి దిగట్లేదు, లోపల తిరిగే రింగుని తాకట్లేదు, ఇక కరెంటు ఎట్టా పుడుతుంది? పత్తి చేల మధ్య బతుకుతున్నాం గదా, గాలికి వచ్చిందేమో అనుకున్నాను. కాదు. గింజ తీసి ఏకిన దూది. దర్శిలో అమ్మ పరుపుల్లో కూరే దూది. అమ్మ మీకు గోతాంతో పంపుతుందని నాకు తెలుసు. దాంతో డైనమోని పసిపిల్ల చెవి తుడిచినట్టు తుడిచాడన్నమాట మహానుభావుడు. ఇన్నాళ్లకి దూదేకుల ఇంటి అల్లుడు అనిపించుకున్నాడు.

ఇంకో ముచ్చట. లోపల రాగి చుట్టల్ని కొత్తగా చుట్టారు. చుట్టడం పర్వాలేదు. కట్టడం చూసి నవ్వలేక చచ్చాను. లోకంలో అందరూ మామూలు ముడి వేసి వార్నిష్ కొడతారు. ఈయన పరుపు ముడి వేశాడు. మధ్యలోంచి తాడు లాగి, రెండుసార్లు మెలేసి, కింద నొక్కి. అది అమ్మ ముడి. అదెప్పుడు దొంగిలించాడు అమ్మ దగ్గర? పాతికేళ్లు మెకానిక్‌గా బతికి చివరికి డైనమోకి పరుపు కుట్టాడు. రేపు దిండు కూడా పెట్టి పంపమను, పడుకుంటుంది.

ఇది రోడ్డు మీద చావలేదు, నా షెడ్డులో చచ్చింది. అందుకని చైతన్యకృష్ణ గారికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నాకే తెలీదు. పెట్టెలో పెట్టి పంపుతున్నాను.

షానవాజ్


నల్లపాడు
ఫిబ్రవరి ఆఖర్లో

షానవాజ్‌కి,

చదివి వినిపించాను. ఆయన భోజనం సగంలో లేచాడు.

దూది తప్పు. ఒప్పుకున్నాను. మన ఇంట్లో ఏం తుడవాలన్నా దూదే గదా, దీపం బుడ్డి దగ్గర్నించి కుట్టు మిషను దాకా. అలవాటు. మరి దేంతో తుడవాలో అది రాయకుండా నవ్వావు. రింగుల మీద మసి ఎట్టా పోద్ది? చెప్పడం చేతకాకపోతే నవ్వడం కూడా మానుకో.

ముడి జోలికి మాత్రం రాబాకు. అమ్మ కుట్టిన పరుపు మీద మూడు తరాలు దొర్లినా ముడి ఊడలా. నీ డైనమో అంతకన్నా ఎగిరిపడుద్దా?

ఖుర్షిదా


సింగరాయకొండ
మార్చి మొదట్లో

అక్కకి,

బావ పాత లుంగీ చింపు. బాగా ఉతికింది, పోగు ఊడనిది. దాన్ని చుక్క పెట్రోల్లో ముంచి రింగులు తుడవాలి. మసి మొండిగా ఉంటే ముందు సన్న ఎమరీ కాగితం తిప్పాలి, గట్టిగా కాదు, పిల్లి వీపు నిమిరినట్టు. బ్రష్షు గూట్లో పెట్టాక వేలితో నొక్కి వదిలితే దానంతటది లేవాలి. లేవకపోతే మూత బిగించొద్దు.

ఇప్పుడు ఇంకో సంగతి. ఈసారి మీరు పంపింది బండికి బిగించి, లైట్లూ ఏసీ అన్నీ వేసి లోడు పెట్టి చూశాను. పదమూడు దగ్గర నిలబడింది. చాలదు. కరెంటుని ఒకవైపే పోనిచ్చే డయోడ్ ఒకటి సగం చచ్చింది, మార్చాలి. కానీ పని చూశాను. వైర్ల చివర్లు కొలిచి కత్తిరించినట్టు ఉన్నాయి. టంకం చుక్క చుక్కగా ఉంది, కారలేదు. వార్నిష్ సమంగా ఆరింది. అన్ని గంటలు కాగినా ఆ దిక్కుమాలిన ముడి ఊడలేదు. నాకు నచ్చకపోయినా ఊడలేదు.

ఇది బావ చెయ్యి కాదు. ఆయన టంకం పెడితే పిట్ట రెట్ట వేసినట్టు ఉంటుంది, నాకు తెలీదా. ఎవరో పనివాణ్ణి పెట్టుకున్నాడు. తప్పులు కొత్తవాడివి, చెయ్యి మంచిది. షాపులో తెర కట్టారని డ్రైవర్లు చెప్పారు, దాని వెనక వాణ్ణి కూర్చోబెట్టి, ముందు తను కళ్లద్దాలతో పేరు కొట్టేస్తున్నాడు. నాకు చీపురిచ్చి వాడికి బల్ల ఇచ్చాడు. ఎవడు వాడు? పేరు చెప్పు. నేను నా షెడ్డుకి తెచ్చుకుంటాను. ఆ మనిషి లేకపోతే మీ షాపు ఎన్నాళ్లు నిలబడుతుందో చూస్తాను. ఈ నెలాఖరుకి చైతన్యకృష్ణ గారు వస్తున్నారు. ఆయనకి ఈ మాట చెప్పేస్తాను, నాగూర్ వలి చేతిలో ఇప్పుడు పని లేదు, ఎవడో చేస్తుంటే పేరు ఈయనది అని.

నిజం రాయి అక్కా. తిప్పి తిప్పి రాయొద్దు.

షానవాజ్


నల్లపాడు
రంజాన్ నెల, ఆఖరి వారం

షానవాజ్‌కి,

ఉపవాసంతో ఉన్నాను. నువ్వు సూటిగా అడిగావు. ఇప్పుడు తిప్పి రాస్తే పస్తు తప్ప ఇంకేం మిగలదు.

ఆ పనివాడు నేనే.

నువ్వు చీపురు వదిలి వెళ్లిన నెల తిరక్కుండానే జరిగింది. ఎవరో పెద్దమనిషి బండి తెచ్చాడు. చుట్టూ ఆ బండిలో వచ్చిన పొరుగూరి జనం. బావ ఎప్పట్లాగే ఇంజన్ ఆన్‌లో ఉండగా టెర్మినల్ పీకాడు. ఆ బ్యాటరీ అప్పటికే ఉడుకుతోంది, గ్యాసు పట్టి ఉంది. పీకిన చోట నిప్పురవ్వ లేచింది. బ్యాటరీ మూత బాంబులాగా ఎగిరింది. యాసిడ్ మొహం మీద పడింది. ట్యాంకులో నీళ్లన్నీ ఆయన మొహం మీదే కుమ్మరించాను. ఒక కన్ను పోయింది. రెండో దాంట్లో వెలుగేదో చీకటేదో తెలుస్తుంది, అంతే. ఊళ్లో మాత్రం మొహం కాస్త కాలిందనే చెప్పాం. నువ్వు నవ్వుకున్న నల్లకళ్లద్దాలు అవి.

అమ్మకి తెలుసు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. నువ్వొస్తావు. వచ్చి, "నేను ముందే చెప్పాను" అంటావు. అది నిజం కూడా. ఆ నిజాన్ని ఆయన రోజూ చీకట్లో కూర్చుని తనకి తనే చెప్పుకుంటున్నాడు, మళ్లీ నువ్వు మైకు పెట్టి చెప్పాలా? నీ నోరు నాకు తెలుసురా. నీ బుర్రకన్నా అది ముందు నడుస్తుంది.

షాపు మూస్తే ఏం తినాలి? ఎవరినైనా పెడదామంటే, గుడ్డివాడి షాపని రెండ్రోజుల్లో ఊరంతా పాకుతుంది. అందుకని తెర కట్టాను. ఆయన ముందు కూర్చుని బేరం మాట్లాడతాడు. డైనమో తిప్పితే శబ్దం విని బేరింగ్ సంగతి చెప్పేస్తాడు, అది మాత్రం ఆయన కన్నా బాగా ఎవరూ చెప్పలేరు. మిగతాది నేను. ఆయన నోటితో చెబితే కొంత నేర్చుకున్నా. నాకు తెలిసిన ముడి ఒకటే, అమ్మ ముడి. అదే వేశా. మిగతాది నీ తిట్లలోంచి ఏరుకున్నా, తాలు మిరపకాయల్లో మంచికాయ ఏరినట్టు. లోడు పెట్టి చూడటం నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తెలీదు. ఆయనకీ తెలీదు. ఆ రాత్రి భోజనం మీంచి లేచింది అందుకే.

పెట్టెలో డైనమో ఉంది. డయోడ్ మార్చాను. లుంగీ గుడ్డతోనే తుడిచాను. ఇక నీ ఇష్టం. చైతన్యకృష్ణ గారికి చెబుతానన్నావుగా, చెప్పు. నాగూర్ వలికి కళ్లు లేవు, వాళ్లావిడ తెర వెనక కూర్చుని కడుతోందని చెప్పు. పనంతా నీకొస్తుంది. నీ షెడ్డులో పెట్టుకుంటానన్న ఆ పనివాడి ఇల్లు ఇక్కడుంది, అక్కడికి రాలేడు.

ఖుర్షిదా


సింగరాయకొండ
పండగ వెళ్లాక

అక్కకి,

చెప్పాను.

ముందు అది విను, తర్వాత తిట్టు. చైతన్యకృష్ణ గారు బండి తెచ్చారు. నీ డైనమో ఆయన ముందే బిగించాను. హెడ్‌లైట్లు, ఏసీ, వైపర్లు, హారన్, ఏదీ వదల్లేదు. వేడెక్కి బానెట్ ముట్టుకోలేనంతగా కాగాక మీటరు ఆయన మొహానికి పెట్టాను. పదమూడు పాయింట్ తొమ్మిది. తర్వాత జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

"పర్లేదే, నాగూర్ వలి గట్టోడేరా" అన్నాడు.

"ఇది కట్టింది ఆయన కాదండి. మా అక్క ఖుర్షిదా."

"ఆడమనిషా?"

"మీటరుకి తెలీదండి ఆ సంగతి."

కాసేపు నవ్వి, "అట్టయితే నమ్మకం కుదరాలిగా. నడుస్తుండగా టెర్మినల్ పీకి చూపించు. మీ బావ అట్టాగే చూపించేవాడు, కళ్లారా కనపడేది" అన్నాడు.

స్పానర్ జేబులో పెట్టుకున్నాను. "అట్టా పీకే మా బావ కళ్లు పోగొట్టుకున్నాడండి. మీలాంటోళ్లు చుట్టూ నిలబడి తలూపబట్టే పీకేవాడు. ఇంకెవడైనా పీకి చూపిస్తే ఆ షాపుకి బండి ఇవ్వబాకండి, నా షాపైనా సరే" అన్నాను.

మొహం మాడ్చుకున్నాడు. "నీకు పనిస్తానంటే పక్కషాపు గొప్ప చెబుతావేంట్రా, నువ్వు బాగుపడవు" అన్నాడు. బాగుపడను లెండి అన్నాను. ఆ డైనమోతోనే మద్రాసు వెళ్లొచ్చాడు. వచ్చి, గుంటూరు వైపు తిరిగే బండ్లు నల్లపాడుకే, ఇటువైపువి నాకూ అని విసుక్కుంటూ చెప్పాడు. నీకు మేలు చేశాననుకోకు. పని బాగుంది, చెప్పాను. అది బాగా లేకపోతే నువ్వు అక్కవైనా అదే చెప్పేవాణ్ణి.

ఇక తెర తీసెయ్. చైతన్యకృష్ణ గారి దగ్గర దాచడానికి ఏం మిగల్లేదు, డ్రైవర్లకి ఈపాటికి తెలిసిపోయింది.

నేను ఎంత తెలివైనవాణ్ణో చూడు. దూది చూశాను, అమ్మది అన్నాను. ముడి చూశాను, అమ్మది అన్నాను. అయినా బావ దొంగిలించాడనుకున్నాను గానీ ఆ ఇంట్లో అమ్మ కూతురు ఉందన్నది నా బుర్రకి ఎక్కలేదు. పదమూడున్నర కింద పడితే పనికిరాదని రాశానే, నా బుర్ర ఎంత చూపించి ఉంటుందో నువ్వే లెక్కేసుకో.

బావకి ఏం రాయాలో తెలీలేదు. మూడు కాగితాలు చింపాను. అందుకని ఈ పెట్టె పంపుతున్నాను. లోపల చెక్క పలక ఉంది. పాత హెడ్‌లైట్ బల్బులు వరసగా బిగించి, వైర్లు బయటికి తీశాను. బల్ల మీద డైనమోని మోటారుతో తిప్పి, బ్యాటరీకి ఈ పలక తగిలిస్తే బండి లోడంతా దాని మీదే పడుతుంది. డైనమో బాగుంటే వెలుగు నిలబడుతుంది. చచ్చుదైతే వెలుగు తగ్గుతూ వస్తుంది. వెలుగూ చీకటీ తెలుస్తాయన్నావు గదా. చార్జింగు చూడటానికి అంతకన్నా కళ్లు అక్కర్లేదు. పలక ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టు. కళ్లద్దాలు తీయమను.

నేను ముందే చెప్పాను అని ఎక్కడా రాయలేదు, చూసుకో.

షానవాజ్


నల్లపాడు
ఏప్రిల్ ఎండల్లో

షానవాజ్‌కి,

బావ చెబుతుంటే రాస్తున్నాను, ఒక్క ముక్క మార్చొద్దన్నాడు.

"ఒరేయ్. పలక అందింది. చేత్తో తడిమితే తేలింది, మూడో బల్బు వైరు లూజుగా బిగించావు, అది మినుకు మినుకుమంటుంటే డైనమోదే తప్పనుకుని పొద్దుటంతా దాన్నే తిట్టాను. గురువు లేడని ఊరంతా చెప్పుకుంటున్నావట, నీ బిగింపు చూస్తే తెలుస్తూనే ఉంది. నేను నీకు బల్ల ఇవ్వలేదు. ఇప్పుడిచ్చినా నువ్వు రావు. రాబాకు, నీ షెడ్డు చూసుకో. ఇంకెప్పుడూ వైరు లూజుగా వదలబాకు."

అంతే చెప్పి లేచాడు. మిగతాది నా మాట. తెర తీశాను. దాని గుడ్డతో నాలుగు దిండు గలేబులు అయ్యాయి. పొద్దున్నే ఆయన పలక ముందు కూర్చుంటున్నాడు. లైట్లు వెలగగానే మొహం పొద్దుతిరుగుడు పువ్వులాగా అటు తిరుగుతుంది. "నిలబడింది" అంటాడు, లేదా "జారుతోంది, విప్పు" అంటాడు. ఇప్పటిదాకా తప్పు చెప్పలేదు.

ఈ పెట్టెలో రెండు డైనమోలు పెట్టాను. ఒకటి నేను కట్టింది. రెండోది, రాగి చుట్టలు నేను చుట్టి ఇస్తే, చేత్తో తడుముకుంటూ ఆయన కట్టింది. ముడి రెంటికీ అమ్మదే. విప్పి చూసి ఏది ఎవరిదో చెప్పు. చెప్పలేకపోయావో, ఇక ఆ నోరు పెట్టెలో పెట్టి మాకు పంపెయ్, బాగుచేసి పంపుతాం.

అక్క
ఖుర్షిదా